బ్యాంకు వేలంలో చిన్న ఇల్లు: ధర, హక్కు, స్వాధీనం

అప్పు తీర్చలేకపోయిన గృహస్థుడి ఇంటిని బ్యాంకు వేలానికి పెట్టినప్పుడు అది బయటి ధర కంటే చౌకగా దొరుకుతుందన్న నమ్మకం తెలుగు నగరాల్లో చాలాకాలంగా స్థిరపడి ఉంది. విశాలమైన స్థలాల విషయంలో, వాణిజ్య భవనాల విషయంలో ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉండవచ్చు గానీ, హైదరాబాదులోని మల్కాజిగిరి, కాప్రా, మూసాపేట, బోరబండ, చంపాపేట వంటి ప్రాంతాల ఇరుకు సందుల్లో 60 నుంచి 100 గజాల స్థలంలో కట్టిన పాత ఇళ్ల దగ్గరకు వచ్చేసరికి అది తరచుగా తలకిందులవుతుంది. బ్యాంకు ప్రకటించిన కనీస ధరే ఆ వీధిలో నడుస్తున్న ధరను మించి ఉండటం, అయినా వేలం ఇల్లు కదా అన్న ఆశతో మధ్యతరగతి కుటుంబాలు తమ పొదుపంతా తెచ్చి ధరావతుగా కట్టడం అరుదైన సంగతులేమీ కావు. అటువంటి ఇంటిని కొనడం ఎప్పుడు సబబు అన్న ప్రశ్నకు ధర ఒక్కదాన్ని చూసి సమాధానం చెప్పడం సాధ్యపడదు. వేలం ఇంటికి అంటుకుని వచ్చే చిక్కుల ఖర్చు స్థలం వైశాల్యంతో పాటు తగ్గకపోవడమే దానికి ప్రధాన కారణం. 600 గజాల ఇంటిపై దావా తెమలడానికి ఎంతకాలం పడుతుందో 60 గజాల ఇంటిపై దావా తెమలడానికీ అంతకాలమే పడుతుంది, వకీలు ఫీజులో పెద్ద తేడా ఉండదు, కానీ ఆ భారాన్ని మోయవలసిన ఆస్తి విలువ మాత్రం పదో వంతే.

ఈ వేలాలన్నిటికీ మూలం 2002లో పార్లమెంటు చేసిన సర్ఫేసీ చట్టం. తాకట్టు పెట్టిన ఆస్తిని సివిల్ కోర్టు గడప తొక్కకుండానే స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారాన్ని ఇది బ్యాంకులకు ఇచ్చింది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు, రుణగ్రహీత రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే బాకీలో 75 శాతం ముందే కట్టాలన్న నిబంధనను మాత్రం కొట్టివేసి, తక్కిన చట్టాన్ని సమర్థించింది. వాయిదా 90 రోజులకు మించి నిలిచిపోతే రుణఖాతా మొండి బకాయి అవుతుంది. అప్పుడు సెక్షన్ 13(2) కింద 60 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు, గడువు దాటాక సెక్షన్ 13(4) కింద స్వాధీన ప్రకటన, గుర్తింపు పొందిన మదింపుదారు చేత విలువ కట్టించడం, రిజర్వు ధర నిర్ణయం, వేలం ప్రకటన వరుసగా నడుస్తాయి. మొదటి వేలానికి ప్రకటన నాటి నుంచి కనీసం 30 రోజుల వ్యవధి ఉండాలి. అది విఫలమై మళ్లీ పెట్టేటప్పుడు 15 రోజులు చాలు. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు గనుక తాకట్టు ఆస్తుల్లో ఇళ్లు, ఇళ్ల స్థలాలదే పెద్ద భాగం. ప్రభుత్వ రంగ బ్యాంకులు వేలానికి పెట్టే ఆస్తులను ఒకేచోట చూపే బ్యాంక్‌నెట్ పోర్టల్ 2025 జనవరిలో కొత్త రూపంలో మొదలైంది.

రిజర్వు ధర అంటే అంతకు తక్కువకు బ్యాంకు అమ్మని కనీస మొత్తం. రుణగ్రహీత, బ్యాంకు ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప దానికి దిగువన అమ్మకం చెల్లదని నిబంధనలు చెబుతాయి. ఇక్కడే వేలానికీ మామూలు అమ్మకానికీ ఉన్న అసలు తేడా బయటపడుతుంది. మామూలు అమ్మకంలో యజమాని చెప్పిన ధర పైకప్పు వంటిది, బేరం అక్కడి నుంచి కిందికి దిగుతుంది. వేలంలో ప్రకటించిన ధర నేల వంటిది, పాట అక్కడి నుంచి పైకే సాగుతుంది. కాబట్టి రిజర్వు ధరే ఎక్కువగా ఉన్న ఇంటి విషయంలో కొనేవారి నేర్పుతో తగ్గేదేమీ ఉండదు. అది తగ్గడానికి మిగిలే దారి, ఎవరూ పాడక వేలం విఫలం కావడం, బ్యాంకు విలువను తిరిగి చూసుకుని తక్కువ ధరతో మళ్లీ ప్రకటించడం మాత్రమే. ఇలా తగ్గించేటప్పుడు 10 శాతం చొప్పున కోయడం బ్యాంకుల్లో తరచుగా కనిపించే పద్ధతే అయినా, దాన్ని హక్కుగా అడిగే అవకాశం ఎవరికీ లేదు.

రిజర్వు ధర ఎక్కువగా ఉండటానికి బ్యాంకు దురాశే కారణమని అనుకోవడం పొరపాటు. అప్పు ఇచ్చిన రోజున వేసిన విలువ ఫైల్లో ఉంటుంది; దానికంటే బాగా తక్కువకు అమ్మితే అప్పు ఇచ్చినప్పటి మదింపుపై ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది. మరోవైపు, ఆస్తిని కారుచౌకగా అమ్మేశారన్నది రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌లో రుణగ్రహీతలు తరచుగా లేవనెత్తే అభ్యంతరాల్లో ఒకటి. ఈ రెండు భయాల మధ్య నిలబడిన అధీకృత అధికారి, అంటే వేలం జరిపే బాధ్యత అప్పగించబడిన బ్యాంకు ఉద్యోగి, ధరను ఎగువనే ఉంచడం సహజం. అందువల్ల రిజర్వు ధర ఆ అధికారి జాగ్రత్తకు కొలమానమే తప్ప ఇంటి విలువకు సాక్ష్యం కాదు. వేలం ప్రకటనలోని అంకె నుంచి లెక్క మొదలుపెట్టినవారు దాదాపు తప్పనిసరిగా ఎక్కువే పాడతారు, ఎందుకంటే వారి మనసులో బేరానికి మొదటి మెట్టు ఇతరులు వేసినదై ఉంటుంది.

విలువ లెక్క స్థలంతో మొదలు కావాలి. నగరంలోని చిన్న ఇంట్లో కట్టడం ఏటేటా అరిగిపోతుంది, నిలిచేది గజాల విలువే. అయితే చిన్న స్థలానికి గజం ధర పక్కనున్న పెద్ద స్థలం ధరతో సమానమని అనుకోరాదు. సందు ఇరుకైతే, కొత్తగా కట్టడానికి అనుమతి కోరినప్పుడు రోడ్డు వెడల్పు కోసం ముందుభాగంలో కొంత వదలవలసి వస్తుంది. 200 గజాల స్థలంలో 8 గజాలు పోతే పెద్దగా తెలియదు, 70 గజాల్లో పోతే ఒక గది పోయినట్టే. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే పడగొట్టి కట్టడం ఒకరి ఇష్టం మీద జరిగే పని కాదు. కారు నిలిపే చోటు లేకపోవడమూ ధరను తగ్గించేదే. దక్షిణ ముఖం, వీధిపోటు వంటివి వాస్తును నమ్మనివారికి పట్టకపోవచ్చు గానీ, మళ్లీ అమ్మేటప్పుడు ఎదురయ్యే కొనుగోలుదారుల్లో ఎక్కువమందికి పడతాయి కనుక అవీ ధరలో భాగమే.

కట్టడం విషయంలో ప్రత్యేకంగా చూడవలసింది పై అంతస్తులు. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల వరకు స్థలంలో కింది అంతస్తు, దానిపై మరొక అంతస్తు కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు, రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలు. కానీ వేలానికి వచ్చే ఇళ్లలో చాలావరకు అంతకుముందు కట్టినవి, వాటిలో కొన్నిటికి అద్దె కోసం మూడో అంతస్తు కూడా లేచి ఉంటుంది. రిజిస్టరైన దస్తావేజులో కింది అంతస్తు మాత్రమే ఉండి, మదింపుదారు నివేదికలో మూడు అంతస్తులకూ విలువ కట్టి ఉంటే, రిజర్వు ధర పెరగడానికి కారణం అక్కడే దొరికినట్టు. అనుమతి లేని అంతస్తుకు డబ్బు చెల్లించడం అంటే ఏనాడైనా కూల్చివేత నోటీసు రాగల గోడలకు వెల కట్టడమే అవుతుంది.

ఒక ఊహా ఉదాహరణతో లెక్క స్పష్టపడుతుంది. 75 గజాల ఇంటికి రిజర్వు ధర 58 లక్షల రూపాయలు. ఆ సందులో చిక్కులేని స్థలం గజం 55 వేలు పలుకుతుంది. 900 చదరపు అడుగుల కట్టడం వయసు 20 ఏళ్లు అనుకుందాం. స్థలం విలువ 41.25 లక్షలు. ఈరోజు కట్టడానికి అడుగుకు 1,900 అయ్యే పనికి సగం అరుగుదల తీసేస్తే కట్టడం విలువ సుమారు 8.55 లక్షలు, మొత్తం 49.8 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిసి 7.5 శాతం గనుక, ఇలాంటి ఇంటినే నేరుగా యజమాని దగ్గర కొంటే సుమారు 53.5 లక్షలవుతుంది. వేలంలో కొంటే అదే 7.5 శాతానికి తోడు పాత బకాయిలు 60 వేలు, ఇల్లు చేతికి రావడానికి ఏడాది పడితే పెట్టిన సొమ్ముపై 9 శాతం వడ్డీ కలుస్తాయి. ఈ రెండు దారులూ సమానం కావాలంటే పాట 45.4 లక్షల దగ్గర ఆగాలి. ఖాళీ ఇంటి తాళం మొదటి రోజే చేతికి వచ్చేటట్టయితే 49.2 లక్షల వరకు వెళ్లవచ్చు. అంటే ఈ చిన్న ఇంట్లో తాళం చెవి విలువే 3.8 లక్షలు. రిజర్వు ధర 10 శాతం చొప్పున తగ్గుతూ వస్తే 52.2, 46.98, 42.28 లక్షలవుతుంది కనుక, స్వాధీనానికి ఏడాది ఆగవలసి వచ్చేటట్టయితే మూడో తగ్గింపు దాకా ఆ ఇల్లు ధరకు తగినది కాదు. ఈ లెక్కలో దావాల భయానికి ఇంకా ఏమీ కలపలేదన్నది గుర్తుంచుకోవాలి.

తాళం చెవి ప్రస్తావన వచ్చింది గనుక స్వాధీనం గురించి విపులంగా చెప్పుకోవలసి ఉంది, ఎందుకంటే వేలం ఇంటి మంచిచెడ్డలను ఇంతగా నిర్ణయించే అంశం మరొకటి లేదు. వేలం ప్రకటనలో స్వాధీనం భౌతికమా, లాంఛనప్రాయమా అన్నది రాసి ఉంటుంది. వాడుకలో రెండోదాన్ని సింబాలిక్ పొసెషన్ అంటారు. భౌతిక స్వాధీనం అంటే ఇంట్లో ఎవరూ లేకుండా తాళం బ్యాంకు చేతిలో ఉండటం. లాంఛనప్రాయ స్వాధీనం అంటే గోడకు నోటీసు అంటించి, పత్రికల్లో ప్రకటించి ఊరుకోవడం. ఇంట్లో కుటుంబం యథాతథంగా కాపురం ఉంటుంది. కొన్నవారికి చేతికి వచ్చేది సేల్ సర్టిఫికెట్ అనే పత్రం, ఇల్లు మాత్రం రాదు. ఖాళీ చేయించాలంటే బ్యాంకు సెక్షన్ 14 కింద చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటునో జిల్లా మేజిస్ట్రేటునో ఆశ్రయించాలి. 30 రోజుల్లో, కారణాలు రాసి పొడిగిస్తే మొత్తం 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టం చెబుతున్నా, ఉత్తర్వు వెలువడటానికీ అమలు కావడానికీ మధ్య పోలీసు బందోబస్తు, కమిషనర్ నియామకం, ట్రిబ్యునల్ స్టే, పిల్లల పరీక్షలు, ఇంట్లో మంచంపట్టిన వృద్ధులు, ఇన్ని నిజాలు నిలబడి ఉంటాయి. అమ్మకం సొమ్ము ఖాతాలో పడ్డాక బ్యాంకుకు ఉండే తొందర తగ్గడం కూడా సహజం. అందుచేత లాంఛనప్రాయ స్వాధీనంలోని ఇంటికి పాడదలచినవారు సెక్షన్ 14 ఉత్తర్వు ఇప్పటికే వచ్చిందా, వస్తే ఏ దశలో ఉంది అన్నది అధీకృత అధికారి చేత రాతపూర్వకంగా చెప్పించుకోవడం తప్పనిసరి.

ఇంట్లో ఉన్నవారు అద్దెదారులైతే వ్యవహారం మరోలా ఉంటుంది. తాకట్టుకు ముందే చట్టబద్ధంగా మొదలైన కౌలు హక్కును బ్యాంకు తుడిచిపెట్టలేదని 2014 నుంచి వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుల సారాంశం. 2016 సవరణ అద్దెదారుకూ ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు ఇచ్చింది. రిజిస్టరు కాని నోటిమాట అద్దెకు రక్షణ తక్కువే అయినా, కొత్తగా కొన్నవారికి అది నెలల ఆలస్యమే. ఇంకొక సంగతి నొక్కి చెప్పవలసి ఉంది. కొన్నవారు సొంతంగా మనుషులను తీసుకెళ్లి సామాను బయట పెట్టించే దుర్మార్గం కొన్నిచోట్ల జరుగుతూనే ఉంది, దాన్ని సమర్థించే చట్టం ఏదీ లేదు, జరిగితే క్రిమినల్ కేసుకు గురయ్యేది కొన్నవారే. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబానికి బ్యాంకు బాకీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును తిరిగి ఇవ్వాలని సెక్షన్ 13(7) చెబుతుంది. ఆ మిగులు సంగతి వారికి తెలియజెప్పి, ఖాళీ చేయడానికి గౌరవమైన గడువు, కొంత రవాణా ఖర్చు ఇవ్వడం మానవత్వం అనిపించుకోవడమే గాక, చాలా సందర్భాల్లో ఏడాది వడ్డీ కంటే తక్కువ ఖర్చుతో కూడిన మార్గం కూడా.

హక్కు పరిశీలన విషయంలో సామాన్యంగా ఉన్న భ్రమ, బ్యాంకు అప్పు ఇచ్చిందంటే పత్రాలు సరిగ్గానే ఉంటాయన్నది. వేలం ప్రకటనలు మాత్రం ఆస్తిని ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని, తమకు తెలిసినంతవరకే భారాలు పేర్కొన్నామని స్పష్టంగా చెబుతాయి. కనుక కనీసం 30 ఏళ్ల ఈసీ, అంటే ఆస్తిపై జరిగిన రిజిస్టరు లావాదేవీల జాబితా, తీయించాలి. ఒక యజమాని నుంచి మరొకరికి హక్కు మారిన క్రమాన్ని చూపే లింకు డాక్యుమెంట్ల నకళ్లు బ్యాంకు దగ్గర చూడాలి. అదే ఇంటిపై వేరే సంస్థకూ తాకట్టు ఉందేమో తెలుసుకోవడానికి 2011లో ఏర్పడిన సెర్సాయ్ రిజిస్ట్రీలో వెతకాలి. స్థలం రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల్లో ఉందేమో, చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలోకో దాని బఫర్‌లోకో వస్తుందేమో చూడటం చెరువులు, ప్రభుత్వ స్థలాల్లోని ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ 2024 జూలైలో ఏర్పడిన తర్వాత హైదరాబాదులో మరింత అవసరమైంది.

ఈసీలో కనపడని చిక్కు కుటుంబ వాటాలది. ఉమ్మడి హిందూ కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు వర్తించేటట్టు, దేశంలోనే ముందుగా తెచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ దాన్ని దేశమంతటా వివాహితలకూ విస్తరించింది. తండ్రి కట్టిన ఇంటిని అన్నదమ్ములు పంచుకుని ఒకరు తాకట్టు పెట్టినప్పుడు, ఆ భాగపరిష్కార పత్రంలో అక్కచెల్లెళ్ల సంతకాలు లేకపోతే, వేలం అయ్యాక వారి దావా రావచ్చు. సర్ఫేసీ చట్టం సివిల్ కోర్టులను దూరం పెట్టినా, మూడో వ్యక్తి హక్కును తేల్చే దావాలకు ఆ అడ్డు వర్తించదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఆ ఆడపడుచుల హక్కు న్యాయమైనది కూడా. కొనేవారు దాన్ని దాటవేయవలసిన అడ్డంకిగా చూడకుండా, విచారించి నిర్ధారించుకోవలసిన యాజమాన్యంగా చూడాలి. పాత బస్తీల్లో 80 గజాల తండ్రి ఇంటిని ఇద్దరు పంచుకున్న సందర్భాలు కొల్లలు గనుక, చిన్న ఇళ్లలో ఈ చిక్కు పెద్ద ఇళ్ల కంటే ఎక్కువ.

బకాయిల మాట క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆస్తిపన్ను, నల్లా బిల్లు, కరెంటు బిల్లు ఎంత నిలిచి ఉన్నాయో వేలానికి ముందే ఆయా కార్యాలయాల్లో తెలుసుకోవచ్చు. పాత యజమాని కరెంటు బాకీని, నిబంధనలు అనుమతిస్తే, ఉన్నది ఉన్నట్టుగా కొన్నవారి నుంచి విద్యుత్ సంస్థ రాబట్టవచ్చని కేరళ విద్యుత్ బోర్డు వ్యవహారంలో 2023 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

సొమ్ము చెల్లించే కాలపట్టిక మధ్యతరగతి కొనుగోలుదారుకు చాలా కఠినమైనది. పాట ఖరారైన రోజున, ఆలస్యమైతే మరుసటి పనిదినాన, ధరావతుతో కలిపి ధరలో 25 శాతం కట్టాలి. మిగిలిన 75 శాతం అమ్మకం ధ్రువీకరణ నాటి నుంచి 15 రోజుల్లో కట్టాలి, రాతపూర్వక ఒప్పందంతో పొడిగించినా మొత్తం మూడు నెలలు మించకూడదు. తప్పితే ముందు కట్టిన 25 శాతం జప్తు అవుతుంది. బ్యాంకుకు నిజంగా అంత నష్టం జరిగిందా అన్న ప్రశ్నకు తావు లేకుండా మొత్తం జప్తు చెల్లుతుందని సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిర్ధారించింది. పై ఉదాహరణలో అది 14.5 లక్షలు. గృహరుణం ఇచ్చే సంస్థ తన సొంత మదింపు చేయించుకుంటుంది. రిజర్వు ధర ఎక్కువైన ఇంటికి ఆ మదింపు తప్పక తక్కువ వస్తుంది, రుణం దాని మీదే లెక్క కడతారు, తేడా సొంత చేతినుంచి రావాలి. లాంఛనప్రాయ స్వాధీనంలోని ఇంటికి రుణం ఇవ్వడానికే కొన్ని సంస్థలు ఇష్టపడవు. రుణం మంజూరవుతుందన్న ఆశ మీద పాడటం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని.

పాట గెలిచాక పాత యజమాని డబ్బు తెచ్చి ఇల్లు విడిపించుకుంటాడేమో అన్న భయం మునుపు న్యాయమైనదే. 2016 సవరణ తర్వాత ఆ హక్కు వేలం ప్రకటన వెలువడేదాకానే ఉంటుందని, ఆ తర్వాత బ్యాంకు రుణగ్రహీతతో రాజీపడి పాటదారును వదిలేయడానికి వీల్లేదని 2023 సెప్టెంబరులో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే నోటీసుల్లో, ప్రకటనలో, వ్యవధిలో బ్యాంకు చేసిన లోపాలను చూపి 45 రోజుల్లో సెక్షన్ 17 కింద ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు రుణగ్రహీతకు అలాగే ఉంది. లోపం రుజువైతే అమ్మకం రద్దయి సొమ్ము వెనక్కి వస్తుంది, గడిచిన కాలం మాత్రం రాదు. హైదరాబాదు, విశాఖపట్నం ట్రిబ్యునళ్లలో ఆ ఇంటిపై దరఖాస్తు ఏదైనా నడుస్తున్నదేమో రుణగ్రహీత పేరుతో వెతికి చూడటం పెద్ద పని కాదు, అయినా పాడేవారిలో చాలామంది ఆ పని చేయరు.

అద్దె కోసం కొనేవారికి ఇటువంటి ఇల్లు దాదాపు ఎన్నడూ గిట్టదు. 58 లక్షలు పెట్టిన ఇంట్లో రెండు వాటాలకు కలిపి నెలకు 14 వేలు వస్తే ఏడాదికి 1.68 లక్షలు, అంటే పెట్టుబడిపై మూడు శాతం కూడా కాదు. రిజిస్ట్రేషను, మరమ్మతులు కలిపితే ఇంకా తక్కువ. ధర పెరుగుతుందని కొనేవారు, ఆ పెరుగుదలలో కొన్నేళ్ల భాగాన్ని ముందుగానే బ్యాంకుకు చెల్లించేశారని గ్రహించాలి. సొంతంగా కాపురం ఉండటానికి కొనే కుటుంబానికి, ఖాళీ తాళం, స్పష్టమైన హక్కు రెండూ ఉంటే, పిల్లల బడి, ఉద్యోగం, అమ్మానాన్నల ఇల్లు దగ్గరగా ఉండటం వంటి కారణాలతో మార్కెట్టుపై నాలుగైదు శాతం అదనంగా పెట్టడం అవివేకమని చెప్పలేం.

ధర ఎక్కువైనా నిజంగా గిట్టుబాటయ్యేవారు ఇద్దరున్నారు. మొదటివారు పక్కింటివారు: వారి 80 గజాలకు ఈ 75 గజాలు కలిస్తే, ఉమ్మడి గోడ అడ్డు తొలగి, రెండు ఇరుకు స్థలాలు కారు నిలిపే చోటున్న ఒక మంచి ఇంటి స్థలమవుతాయి, కలిపిన స్థలంలో గజం విలువ విడివిడిగా ఉన్నప్పటి కంటే పెరుగుతుంది, ఆ పెరుగుదల మరే పాటదారుకూ దక్కేది కాదు గనుక వారు పైధర పెట్టడంలో లెక్క ఉంది. రెండోవారు ఆ ఇంట్లోనే అద్దెకు ఉన్నవారు: వారికి స్వాధీనం సమస్య లేదు, వానకు ఏ గోడ చెమ్మగిల్లుతుందో, సంపు ఎప్పుడు నిండుతుందో, అక్కచెల్లెళ్లు ఎందరో, వారిలో ఎవరు వాటా అడుగుతున్నారో ఏ మదింపుదారు నివేదికా చెప్పలేనంతగా వారికి తెలుసు. పై ఉదాహరణలో ఖాళీ తాళానికి కట్టిన 3.8 లక్షల తేడా పూర్తిగా వారి పక్షానే ఉంటుంది. వారికి సాధారణంగా లేనిది 15 రోజుల్లో 75 శాతం తేగల స్తోమత. గోడకు స్వాధీన నోటీసు అంటించిన రోజునే రుణం కోసం ఒక బ్యాంకును అడగడం మొదలుపెడితే, వేలం ప్రకటన తర్వాత ఉండే 30 రోజులతో కలిపి, ఆ లోటు పూడ్చుకునే వ్యవధి వారికి దొరుకుతుంది.